బేస్తవారం సద్ది

మా శోభక్కకు నమ్మకం అనేది పుట్టుకతోనే తక్కువ. పాలాయన పోసి వెళ్ళిన పాలను వేలు ముంచి చూస్తుంది. కోడి అరిస్తే నిజంగా గుడ్డు పెట్టిందో ఉత్తగనే అరుస్తుందో అని గంప ఎత్తి చూస్తుంది. నేను ఆమె తోటికోడలిని, మరిది వెంకట్ భార్యను, పేరు భాగ్య. కాపురానికొచ్చిన కొత్తలో నేను వండిన పప్పును ముందు మా ఆయనకు పెట్టి, ఆయనకేమీ కాలేదని తేలాకే తాను తిన్నది. ఆ సంగతి నేను ఇప్పటికీ మరిచిపోలేదు, మరిచిపోను కూడా.

మాది కొత్తగూడ మండలంలో అడవి అంచున ఉన్న తండా. ఇంట్లో మేం మాట్లాడుకునేది లంబాడీ భాషే అయినా, అందరికీ తెలియాలని ఇక్కడ తెలుగులోనే రాస్తున్నాను.

శోభక్క భర్త హరిలాల్ డ్రైవరు. మహబూబాబాద్‌ను మేం మానుకోట అంటాం. అక్కడి ఒక సేటు దగ్గర పశువుల దాణా బండి నడిపేవాడు. ఒక్కో రోజు ఒక్కో దిక్కు తిరిగేవాడు, బేస్తవారం వచ్చిందంటే మాత్రం జనగామ అవతల తరిగొప్పులకే. తెల్లవారకముందే అక్క జొన్నరొట్టెలు చేసి, కూర వేసి, స్టీలు డబ్బాలో సద్ది కట్టి ఇచ్చేది. మిగతా రోజుల్లో డబ్బా ఖాళీగా తిరిగొచ్చేది. బేస్తవారం నాడు ఎట్లా కట్టిందో అట్లాగే, నిండుగా తిరిగొచ్చేది.

ఇంకెవరైనా అయితే రెండు వారాలు చూసి ఊరుకునేవారు. శోభక్క ఊరుకుంటుందా? భర్త బండి దిగగానే మొహం చూడటం మానేసి డబ్బా చూడటం మొదలుపెట్టింది.

"పొద్దంత ఏం తిన్నవ్?" అని అడిగేది.

"చుట్టాలింట్ల తిన్న."

"తరిగొప్పులల మనకు చుట్టాలెవరున్నరు?"

"ఉన్నరు తియ్యి," అని నవ్వేవాడు హరిలాల్ బావ.

ఆ నవ్వే కొంప ముంచింది. కోప్పడి ఉంటే అక్క పోట్లాడి వదిలేసేది. నవ్వేసరికి ఆమెకు అనుమానం గట్టిపడింది. పైగా ఆయన ఆ చల్లారిన రొట్టెలను మేకలకు వేయనిచ్చేవాడు కాదు. పొయ్యి మీద వేడి అన్నం ఉన్నా సరే, కాళ్ళు కడుక్కుని వచ్చి ఆ డబ్బానే ముందు పెట్టుకుని తినేవాడు. తప్పు చేసినవాడు కాబట్టే నోరు మూసుకుని చల్లవి తింటున్నాడని అక్క లెక్క. ఒక బేస్తవారం ఆమె కావాలనే కూరలో ఉప్పు కుమ్మరించి కట్టింది. మధ్యాహ్నం డబ్బా తెరిచి ఉంటే వచ్చి అరుస్తాడు కదా, చూద్దామని. సాయంత్రం ఆయన ఆ ఉప్పు కూరను రొట్టెతో అద్దుకుంటూ మొత్తం తిన్నాడు. రెండు చెంబుల నీళ్ళు తాగి పడుకున్నాడు, ఒక్క మాట అనలేదు.

"చూసినవా భాగ్యా, ఎంత పెద్ద తప్పు చేస్తే గింత ఉప్పు మింగుతడు?" అన్నది నాతో. నాకూ నిజమే అనిపించింది. తరిగొప్పులలో ఎవరో ఉన్నారని ఇద్దరం తేల్చేసుకున్నాం.

పోయిన వానాకాలంలో హరిలాల్ బావ భూపాలపల్లిలో బస్తాలు దించుతూ గుండె పట్టుకుని కూలబడ్డాడు. దవాఖానకు తీసుకెళ్ళేలోపే ప్రాణం పోయింది.

మా తండాల్లో చావు ఇంటికి చుట్టం వస్తే ఆడవాళ్ళు ఒకరి మెడ ఒకరు పట్టుకుని రాగం తీసి ఏడుస్తారు. ఆ ఏడుపులో మాటలుంటాయి. పోయినవాడు తనకేమవుతాడో, తనకేం చేశాడో, చివరిసారి ఎక్కడ చూసిందో, వచ్చినామె అంతా ఆ రాగంలోనే చెప్పుకుంటుంది. 'వీరా' అని పిలిచి ఏడిస్తే పోయినవాడు ఆమెకు తోబుట్టువు అని అర్థం. అందుకే గడపలోకొచ్చినామెను నువ్వెవరు, ఏమవుతావు అని నోటితో అడగరు. అడిగితే ఆమెను అవమానించినట్టే. ఇంటామె మెడ మీద చెయ్యి వేయనిస్తే అంతా తెలుస్తుంది. వేయనివ్వకపోతే పోయినవాడి గురించి ఆమె ఒక్క ముక్క కూడా చెప్పదు. ఏడుస్తూ చెప్పాల్సిన మాటను కూర్చుని మామూలుగా చెప్పడం మాలో లేదు.

శోభక్క ఏడవలేదు. వచ్చినవాళ్ళు మెడ పట్టుకుని ఏడుస్తుంటే గుంజలాగా నిలబడింది. మా తండాకు నోరు ఎక్కువ. మొగడు పోతే కంట నీళ్ళు రాని ఆడది ఏం ఆడదని గుసగుసలాడారు. ఆమె లోపల ఏముందో నాకు తెలుసు. ఎవరికోసమో నవ్విన మనిషి కోసం తానెందుకు ఏడవాలని ఆమె పంతం. అడుగుదామంటే ఆయన లేడు. తిడదామన్నా లేడు.

ఆ తర్వాత ఆమె ఎండిపోవడం మొదలైంది. పొయ్యి వెలిగించేది కాదు. నేను పంపిన అన్నం మూత పెట్టినట్టే ఉండేది. తలకు నూనె లేదు, దువ్వెన లేదు. పగలంతా తలుపు మూసుకుని చీకట్లో పడుకునేది, చీకటి పడ్డాక కళ్ళు తెరుచుకుని కూర్చునేది. కూతురు వర్ష హాస్టలు నుంచి దసరా సెలవులకు వచ్చి, సెలవులు అయిపోకముందే తిరిగి వెళ్ళిపోయింది. వెళ్తూ, "చిన్నమ్మా, అమ్మ కూడ పోతదా?" అని నన్ను అడిగింది. నేను పిల్ల సంచీ సర్దుతూ ఉండిపోయాను.

సబ్‌సెంటర్ నర్సమ్మ వచ్చి ఎంతో నిదానంగా చెప్పింది. వేళకు తినాలి, పొద్దున కాసేపు ఎండలో కూర్చోవాలి, రోజూ కొంచెం నడవాలి, ఒంటరిగా ఉండొద్దు, మనసులోది ఎవరితోనైనా చెప్పుకోవాలి అన్నది. మంచి పిల్ల, చెప్పినవన్నీ మంచి మాటలే.

శోభక్క అంతా విని, "నేను నడిస్తే నీకేం వస్తది?" అని అడిగింది. ఆ పిల్ల బిక్కమొహం వేసుకుని వెళ్ళింది.

చలికాలం మొదట్లో ఒక బేస్తవారం గంగి వచ్చింది.

అరవై దాటిన మనిషి. మోచేతుల పైదాకా పాతకాలపు తెల్ల గాజులు, భుజాన ఒక గుడ్డ సంచీ. ఆడవాళ్ళకు బస్సు ఫ్రీ కాబట్టి ఆధార్ కార్డు రవికెలో పెట్టుకుని జనగామలో ఒకటి, వరంగల్‌లో ఒకటి, నర్సంపేటలో ఇంకొకటి ఎక్కి వచ్చింది. గడప దగ్గర సంచీ దించి, ఏడవడానికి రెండు చేతులూ చాచింది.

శోభక్క రెండడుగులు వెనక్కి వేసింది. "ఏడికెల్లి వచ్చినవ్?" అన్నది.

"తరిగొప్పుల కాడి తండా."

అక్క మొహం రాయిలా అయిపోయింది. చేతులు కట్టుకుని నిలబడింది. గడప దాటిన మనిషిని ఏడవనివ్వకపోవడం మా తండాలో నేనదే మొదటిసారి చూడటం. గంగి చాచిన చేతులు దించింది. కోప్పడలేదు. గోడకు ఆనుకుని కింద కూర్చుని, "పొద్దటి సంది ఏం తినలే బిడ్డా. ఆకలైతుంది, జర రొట్టె చెయ్యి," అన్నది.

పగవాడైనా సరే, ఇంటికొచ్చి ఆకలి అంటే పెట్టి తీరాలి. శోభక్క పళ్ళు కొరుకుతూ పొయ్యి వెలిగించింది. చాలా రోజుల తర్వాత ఆ ఇంట్లో పొగ లేచింది. పిండి మీద చెయ్యి ఎంత గట్టిగా పడుతోందంటే, పక్కనే ఉన్న మా ఇంట్లోకి కూడా చప్పుడు వినిపించి ఉంటుంది. గంగి ఒక రొట్టె తీసుకుని రెండోది శోభక్క ముందుకు జరిపింది. "ఒక్కదాన్ని తినబుద్ధి కాదు. నువ్వు తింటెనే నాకు దిగుతది."

అక్క తిన్నది. ఆకలై కాదు, త్వరగా తినేస్తే ఆమె త్వరగా పోతుందని.

ఆమె వెళ్ళాక ఇద్దరం తలుపు వేసుకుని ఆలోచించాం. వయసు చూస్తే ఆ 'ఎవరో' ఈమె కాదు. మరి ఎవరు? శోభక్కకే ముందు తట్టింది. "గీమెకు బిడ్డ ఉంటది. గదాని తరఫున ఇల్లు చూసిపోనీకి వచ్చింది."

మా ఆయన తరిగొప్పుల దిక్కు తెలిసిన దాణా కొట్టు మనిషికి ఫోన్ చేసి కనుక్కున్నాడు. హరిలాల్ బండి ప్రతి బేస్తవారం గంగి ఇంటి ముందు ఆగేదట. ఆమెకు నీలి అని ఒక కూతురట. అంతకంటే ఆ మనిషికీ తెలియదు, కొట్టు పెట్టి ఎక్కువ కాలం కాలేదన్నాడు. మాకూ అంతకంటే అక్కర్లేకపోయింది. అనుమానం తీరిపోయింది అనుకున్నాం.

మరుసటి బేస్తవారం గంగి మళ్ళీ వచ్చింది. ఆ తర్వాతి బేస్తవారం కూడా. వచ్చిన ప్రతిసారీ గడపలో చేతులు చాచేది, శోభక్క చేతులు కట్టుకునేది, గంగి చాచిన చేతులు దించుకుని, కూర్చుని రొట్టె అడిగేది. ఒక్కనాడూ ఇట్లా చెయ్యి, అట్లా ఉండు అని అక్కకు చెప్పలేదు. అన్నీ తనకోసమే అడిగేది.

"నా చెయ్యి పైకి లేస్తలేదు, జర తల దువ్వు," అనేది. దువ్వించుకున్నాక, "నూనె ఎట్లైన చేతికంటింది, నీ తలకు కూడ రాసుకో," అనేది. "లోపల చలి పెడుతుంది, ఎండల కూసుందాం పా," అనేది. పోయే వేళకు, "తొవ్వల కుక్కలున్నయి, రోడ్డు దాకా తోడు రా," అనేది. మా తండా నుంచి బస్సు ఆగే రోడ్డుకు టేకు చెట్ల మధ్య నుంచి మంచి నడక ఉంది.

శోభక్క అన్నీ చేసేది. ప్రేమతో అనుకునేరు. ఆమెను ఒంటరిగా వదిలితే ఇంట్లో ఏం వెతుకుతుందోనని ఎండలో పక్కనే కూర్చునేది. తండాలో ఎవరితో ఏం చెప్పి పోతుందోనని రోడ్డు దాకా వెంట నడిచేది. బుధవారం నాడే ఇల్లు ఊడ్చి అలికేది, ఆ నీలి తల్లి ముందు తన ఇల్లు తక్కువగా కనిపించకూడదని. తలకు పోసుకుని జడ వేసుకునేది, అదీ అందుకే. తెల్లారి ఆమెతో తెలివిగా మసలాలంటే కళ్ళు మండకూడదని బుధవారం రాత్రి పెందలాడే పడుకునేది. నర్సమ్మ చెప్పిన మంచి పనులన్నీ మా అక్క ఒక్కొక్కటిగా చేసింది, అనుమానం కొద్దీ.

మిగతా రోజుల మీద కూడా ఆ ప్రభావం కనిపించింది. పొయ్యి రోజూ వెలిగింది. సంక్రాంతి దాటాక నాతోపాటు మిరప ఏరడానికి వచ్చింది. చేలో అందరితో కలవకుండా పక్క సాలులో ఉండేది గానీ, మధ్యాహ్నం నా డబ్బాలోంచి పచ్చడి తీసుకుని బాగలేదని వంక పెట్టింది. నాకెంత సంతోషమైందో! వంక పెట్టిందంటే బతికినట్టే. కానీ కన్నీళ్ళు మాత్రం రాలేదు. రాత్రి నేనెప్పుడు లేచినా ఆమె దగ్గు వినపడేది, ఏదో గొంతుకు అడ్డం పడ్డట్టు. వర్ష ఫోన్ చేస్తే రెండు మాటలు మాట్లాడి పెట్టేసేది. పిల్లకు మొహమూ మాటతీరూ తండ్రివే, అదీ అక్కకు కష్టమే. తండ్రి మీద కోపం కూతురి మీదికి జారుతోందని నాకు భయం వేసింది.

శివరాత్రి ముందు బేస్తవారం. గంగి రొట్టె తింటూ, గోడ మేకుకు తగిలించిన స్టీలు డబ్బాను చూసింది. చూసి తింటున్నది ఆపేసింది. కళ్ళు తుడుచుకుంది.

శోభక్క ఆ చూపు పట్టేసింది. ఇన్ని నెలలుగా కడుపులో పెట్టుకున్నది ఒక్కసారిగా బయటికొచ్చింది. "గా డబ్బా నీకెట్ల తెలుసు? ఎన్ని దినాలు నాటకం ఆడుతవ్? నీ బిడ్డ నీలి ఏది? దాన్ని తోల్కరా. నా మొగడు నా సద్ది ఇడిసిపెట్టి దాని చేతి తిండి తిన్నడు కద, దాని మొహం నన్ను చూడనియ్యి!"

గంగి నోట్లో ముద్ద అట్లాగే ఉండిపోయింది. నాకు ఆమె మొహం చూస్తే ఎక్కడో పెద్ద పొరపాటు జరిగిందని అర్థమైంది. ఆమె నెమ్మదిగా ముద్ద మింగి, చెయ్యి కడుక్కుని, లేచి నిలబడింది. ఎప్పటిలాగే రెండు చేతులూ చాచింది.

"ఏడువనియ్యి అక్కా," అన్నాను నేను. "నువ్వు అడిగినదానికి ఆమె గట్లనే చెప్తది."

శోభక్క కట్టుకున్న చేతులు విప్పింది. ప్రేమతో కాదు, అప్పటికి కూడా తెలుసుకోవాలనే. గంగి ఆమె మెడ మీద చెయ్యి వేసి, తల ఆనించి, రాగం తీసింది. మొదటి మాటే 'వీరా' అన్నది.

"ఓ వీరా... నా తల్లి కడుపుల పుట్టకపోయిన నాకు వీరనివైతివి... నా నీలి జరమొచ్చి కాలమైన యేడు పొయ్యి ఆర్పుకొని పడుకుంటి వీరా... దాణా బండి ఆపి నా గడపల కూసుంటివి... అక్కా ఆకలైతుంది, రొట్టె చెయ్యమంటివి... అది దొంగాకలి వీరా, నీ సద్ది బండ్ల నిండుగనే ఉండె వీరా... ఒక్కన్ని తినబుద్ధి కాదని నాకు తినిపిస్తివి... తొవ్వ తెల్వదని నన్ను రోడ్డు దాకా నడిపిస్తివి... రోజు పోయే తొవ్వ నీకు తెల్వదా వీరా..."

గంగి ఊపిరి తీసుకుని మళ్ళీ అందుకుంది.

"సద్ది గీడనే పెట్టి పోరాదా అంటి వీరా... నా శోభ చేసింది అక్కా, పారేస్తే దానికి మనసున పట్టదు, మాపటికి ఇంట్ల కూసోని తింట అంటివి... గిదంత దానికి చెప్పరాదా అంటి వీరా... నోటితోని చెప్తే అది నమ్మది అక్కా, ఒకనాడు బండెక్కించుకొని తోల్కొస్త అంటివి... తోల్కరాకనే పోతివి వీరా... కొత్త డ్రైవరు చెప్తే నేనే ఎతుక్కుంట వస్తి వీరా..."

అక్క కూడా గంగి మెడ మీద చెయ్యి వేసింది. ముందు అక్క గొంతులోంచి దగ్గులాంటిది వచ్చింది, ఆ తర్వాత అరుపు, ఆ తర్వాత రాగం. అన్ని నెలలు ఆగింది కదా, తండా మొత్తానికి వినపడింది. ఆడవాళ్ళు పనులు వదిలేసి వచ్చారు. గుసగుసలాడినవాళ్ళే వచ్చి చుట్టూ కూర్చున్నారు. ఆమె ఆయన మంచితనం గురించి ఏడవలేదు. పిల్ల గురించీ ఏడవలేదు. ఒక్కదాని గురించే ఏడ్చింది.

"ఉప్పు కుమ్మరించి పెడితిని... గంత ఉప్పు తింటివి... ఒక్క మాటన్న అనకపోతివి..."

అక్కడున్నవాళ్ళలో ఆ ఉప్పు సంగతి తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. నేనూ ఆమె మెడ పట్టుకుని ఏడ్చాను.

ఆ రాత్రి అక్క దగ్గు వినపడలేదు. మర్నాడు తనే వర్షకు ఫోన్ చేసి చాలాసేపు మాట్లాడింది. మధ్యలో, "మీ నాయిన..." అనడం విన్నాను.

మరుసటి బేస్తవారం గంగి రాలేదు. రావొద్దని శోభక్కే చెప్పిందట. తెల్లవారకముందే లేచి రొట్టెలు చేసింది. కూర పొయ్యి మీదుండగానే అరచేతిలో వేసుకుని ఉప్పు చూసింది, అనుమానంగా ఇంకోసారి చూసింది. మేకుకున్న డబ్బా తీసి కడిగి సద్ది కట్టింది. ఆధార్ కార్డు రవికెలో పెట్టుకుని గంగి దగ్గరికని టేకు చెట్ల దారిన రోడ్డుకు నడిచింది. తోడు రమ్మంటావా అంటే, "కుక్కలు నన్నేం చేస్తయి?" అన్నది.

పొద్దుగూకాక తిరిగొచ్చింది. కాళ్ళు కడుక్కుని పొయ్యి ముందు కూర్చుంది. నేను అన్నం పెట్టబోతూ సంచీలోంచి డబ్బా తీశాను. బరువుగా ఉంది. మూత తీసి చూస్తే పొద్దున ఎట్లా కట్టిందో అట్లాగే, నిండుగా ఉంది.

"అన్నం వేడిగుంది అక్కా, గది మేకలకేస్త తియ్యి," అన్నాను.

"గిటియ్యి," అని డబ్బా నా చేతిలోంచి లాక్కుంది. చల్లారి బిరుసెక్కిన రొట్టెను తుంచి, కూరలో అద్దుకుని, నెమ్మదిగా నములుతూ మొత్తం తిన్నది.